మన రక్తంలోని అమానతు

 

ఈ నెల మనం కంటికి కనిపించని ఒక అమానతు గురించి మాట్లాడుకుందాం. దాన్ని మన తల్లిదండ్రులు మనకు అప్పగించారు. మనం మన పిల్లలకు అప్పగిస్తాం. అందులో ఏమి రాసి ఉందో తెలుసుకోకుండానే తరాలు గడిచిపోతున్నాయి. దాని గురించి తెలుసుకోవలసిన అవసరం మాకు ఎలా కలిగిందో ముందుగా చెబుతాం.

కొన్నేళ్ళ క్రితం ఒకరోజు అసర్ నమాజు ముగిశాక ఒక కుటుంబం మా దగ్గరికి వచ్చింది. చేతుల్లో తొమ్మిది నెలల పసివాడు. ముఖం పాలిపోయి ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. దాదీ మాట్లాడింది. "మౌల్వీ సాబ్! పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడు. ఆరు నెలలు దాటాక ఇలా అయిపోయాడు. ఎవరి నజరు తగిలిందో, తల్లి పాలలోనే ఏముందో! మా ఖాన్‌దాన్‌లో ఇలాంటి జబ్బు ఎవరికీ లేదు." పిల్లవాడి తల్లి దుపట్టా అంచు పట్టుకుని తల దించుకుని నిలబడింది. ఆమె పరాయి పిల్ల కాదు. ఆ దాదీకి సొంత అన్న కూతురే!

మేము దుఆ చదివి దమ్ చేశాం. ఓపిక పట్టమని చెప్పి పంపించాం. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ పసివాడికి తలసీమియా అని. అప్పటికి రక్తం బాగా తగ్గిపోయింది. దమ్ చేయడం మా తప్పు కాదు. "దీనితో పాటు వెంటనే డాక్టరుకు కూడా చూపించండి" అనే ఒక్క మాట చెప్పకపోవడం మా తప్పు. ఆ రెండు నెలల బాధ్యత మా మెడ మీద ఉంది. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక!

మదర్సాలో మేము జీవశాస్త్రం చదవలేదు. అందుకే మా వీధిలో ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక పిల్లవాడి పుస్తకం అడిగి తెచ్చుకున్నాం. అర్థం కానిచోట తెలిసిన డాక్టరును అడిగాం. అలా నేర్చుకున్నది మీ ముందు ఉంచుతున్నాం.

నాలుగు అక్షరాల రాత

మన శరీరంలో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటిని మినహాయిస్తే ప్రతి కణం మధ్యలో ఒక కేంద్రకం ఉంటుంది. అందులో డీఎన్‌ఏ అనే సన్నని పోగులు ఉంటాయి. ఒక్క కణంలోని పోగులన్నీ విప్పి వరుసగా పరిస్తే పొడవు సుమారు 2 మీటర్లు వస్తుంది. అంత పొడవు కంటికి కనిపించని ఆ కేంద్రకంలో చిక్కుపడకుండా చుట్టి ఉంది!

ఈ పోగు ఆకారం మెలితిప్పిన తాళ్ళ నిచ్చెన లాంటిది. పక్కనున్న రెండు తాళ్ళు చక్కెర, ఫాస్ఫేటులతో అల్లినవి. మధ్యలోని మెట్లు నాలుగు పదార్థాలతో తయారవుతాయి. వాటి పేర్లు అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. క్లుప్తంగా ఏ, టీ, జీ, సీ అంటారు. ఏ ఎదురుగా ఎప్పుడూ టీ ఉంటుంది. జీ ఎదురుగా ఎప్పుడూ సీ ఉంటుంది. ఈ జతల నియమమే మొత్తం వ్యవస్థకు పునాది. ఒక వైపు తాడు చదివితే రెండో వైపు ఏముందో చూడకుండానే చెప్పవచ్చు.

ఈ ఆకారాన్ని 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే మహిళ ఎక్స్‌రేలతో చేసిన పరిశోధన లేకుంటే అది అంత త్వరగా తేలేది కాదు. ఆమె 1958లో, 37 ఏళ్ళకే మరణించింది. ఆమె శ్రమకు తగిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

మనిషి రాత సుమారు 300 కోట్ల అక్షర జతలు. అలాంటి ప్రతులు మన ప్రతి కణంలో రెండేసి ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఈ రాత 46 భాగాలుగా, అంటే 23 జతల క్రోమోజోములుగా సర్ది ఉంటుంది. ఇందులో ఒక్కొక్క పనికి సంబంధించిన భాగాన్ని జన్యువు అంటారు. ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు మనిషిలో సుమారు 20 వేలు.

నకలు తీసే తీరు

మన శరీరంలో పాత కణాలు పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఒక కణం రెండుగా చీలే ముందు ఈ మొత్తం రాతకు నకలు తీయాలి. ఎలా?

హెలికేజ్ అనే ఎంజైము నిచ్చెనను మధ్యకు విప్పుతుంది. రెండు తాళ్ళు విడిపోతాయి. పాలిమరేజ్ అనే మరో ఎంజైము ఒక్కొక్క తాడు వెంట నడుస్తూ, ఏ కనిపిస్తే టీని, జీ కనిపిస్తే సీని ఎదురుగా అతుకుతూ పోతుంది. రెండు తాళ్ళు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. పాలిమరేజ్ ఒకే దిశలో రాయగలదు. కనుక ఒక తాడు మీద పని ఆగకుండా సాగుతుంది. రెండో తాడు మీద ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఆ ముక్కలను లిగేజ్ అనే ఎంజైము అతుకుతుంది. చివరికి రెండు నిచ్చెనలు తయారవుతాయి. ప్రతి దానిలో ఒక తాడు పాతది, ఒక తాడు కొత్తది. ఈ సంగతిని 1958లో మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు ప్రయోగంతో నిరూపించారు.

రమజాన్‌లో తరావీహ్ చదివించే హాఫిజ్ వెనుక మరొక హాఫిజ్ నిలబడి వింటూ ఉంటాడు కదా! ముందున్నవారు ఒక్క పదం తప్పితే వెనుక నుండి లుక్మా ఇస్తాడు. ముందున్నవారు వెనక్కి వచ్చి సరిదిద్దుకుంటారు. కణంలోనూ అలాంటి కాపలా ఉంది. పాలిమరేజ్ రాసేటప్పుడు సుమారు లక్ష అక్షరాలకు ఒకటి తప్పు పడుతుంది. అదే వెనక్కి వచ్చి ఆ తప్పును కత్తిరించి సరిచేస్తుంది. ఆ తర్వాత మరికొన్ని ఎంజైములు వచ్చి మళ్ళీ తనిఖీ చేస్తాయి. ఇన్ని తనిఖీల తర్వాత మిగిలే తప్పు సుమారు 100 కోట్ల అక్షరాలకు ఒకటి. మనం ఒక పేజీ ఉత్తరం రాస్తేనే నాలుగు కొట్టివేతలు ఉంటాయి. మనం నిద్రపోతున్నప్పుడు కూడా మన లోపల ఈ కాపలా సాగుతోంది. దీనికి మనం ఏనాడైనా షుక్ర్ చెప్పామా?

రాత పనిగా మారే తీరు

రాత రాతగానే ఉంటే ప్రయోజనం లేదు. అది పనిగా మారాలి. పెళ్ళి విందులో బావర్చీకి ఇంటి పెద్ద లెక్కల పుస్తకం ఇవ్వరు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. అందులో కావలసిన భాగం ఒక పర్చీ మీద రాసి వంటశాలకు పంపుతారు. బావర్చీ ఆ పర్చీ చూసి డేగ్ ఎక్కిస్తాడు. కణంలో జరిగేది దాదాపు ఇదే. డీఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. కావలసిన జన్యువుకు మాత్రం ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. అందులో టీకి బదులు యూ అనే అక్షరం ఉంటుంది. ఆ నకలులో అక్కరలేని భాగాలు కత్తిరించబడి, అవసరమైనవి ఒకదానితో ఒకటి అతకబడతాయి. అప్పుడు ఆ పర్చీ బయటికి వచ్చి రైబోజోమ్ అనే వంటశాలకు చేరుతుంది.

రైబోజోమ్ ఆ పర్చీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మదర్సాలో సర్ఫ్ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు, అరబీ పదాలకు చాలావరకు మూడక్షరాల మూలం ఉంటుందని. కణం భాష కూడా మూడక్షరాలదే అని చదివినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. నాలుగు అక్షరాలతో మూడక్షరాల పదాలు 64 ఏర్పడతాయి. వాటిలో 61 పదాలు 20 రకాల అమైనో ఆమ్లాలను పిలుస్తాయి. మిగిలిన మూడు "ఇక్కడ ఆగు" అనే గుర్తులు, వక్ఫ్ చిహ్నాల్లాగా! పిలిచిన క్రమంలో అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడి ప్రోటీన్ అవుతుంది. ఈ భాషను ఛేదించిన వారిలో మన ఉపఖండం వ్యక్తి ఒకరు ఉన్నారు. అవిభక్త పంజాబ్‌లోని ఒక పల్లెలో పుట్టిన హరగోవింద్ ఖురానాకు మరో ఇద్దరితో కలిపి 1968లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఇంకొక విషయం గమనించండి. కన్నులోని కణంలోనూ, కాలేయంలోని కణంలోనూ ఉన్న పుస్తకం ఒకటే. కానీ కన్ను తనకు కావలసిన పేజీలు తెరుస్తుంది. కాలేయం తనవి తెరుస్తుంది. ఏ పేజీ ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అనేదానికి కూడా నియమాలున్నాయి. ఆ పసివాడి కథ అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక్క నుక్తా తేడా

ఉర్దూలో రహ్మత్ అని రాయబోయి మొదటి అక్షరం మీద ఒక్క నుక్తా పెడితే అది జహ్మత్ అవుతుంది. కారుణ్యం కాస్తా కష్టమవుతుంది. రక్తానికి ఎరుపునిచ్చి, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. వాటిలో ఆరో స్థానం దగ్గర జన్యువులో జీఏజీ అని ఉండవలసిన చోట జీటీజీ అని ఉంటే, అంటే ఒక్క అక్షరం మారితే, సికిల్ సెల్ వ్యాధికి కారణమయ్యే హిమోగ్లోబిన్ తయారవుతుంది. తల్లిదండ్రులిద్దరి నుండీ ఆ మార్పే వస్తే గుండ్రని ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి, నాళాల్లో అడ్డుపడి, భరించలేని నొప్పులు పుట్టిస్తాయి.

బీటా తలసీమియాలో గొలుసు తక్కువగా తయారవుతుంది, లేదా అసలే తయారు కాదు. మన దేశంలో ఎక్కువగా కనిపించే మార్పు ఆ పర్చీని ఎక్కడ కత్తిరించాలో తెలిపే గుర్తు దగ్గర ఉంటుంది. ఒక్క అక్షరం మారడంతో కత్తిరింపు తప్పు చోట పడుతుంది. పర్చీ పనికిరాకుండా పోతుంది.

మరి ఆ పసివాడు ఆరు నెలల దాకా బంగారంలా ఎందుకున్నాడు? గర్భంలో ఉన్న శిశువుకు అల్లాహ్ వేరే హిమోగ్లోబిన్ ఏర్పాటు చేశాడు. అందులో బీటా గొలుసుల స్థానంలో గామా గొలుసులు ఉంటాయి. పుట్టిన తర్వాత కొన్ని నెలల్లో గామా పేజీ మూతపడుతూ, బీటా పేజీ తెరుచుకుంటుంది. బీటా పేజీలో లోపం ఉన్న బిడ్డకు కష్టం అప్పుడే మొదలవుతుంది. అది నజరు కాదు. తల్లి పాల దోషం కాదు. ఒక పేజీ మూసి మరో పేజీ తెరిచే సమయం అది!

ఇక "మా ఖాన్‌దాన్‌లో ఎవరికీ లేదు" అనే మాట. రెండు ప్రతుల్లో ఒకదానిలోనే లోపం ఉన్నవారికి జబ్బు ఉండదు. కొద్దిపాటి రక్తహీనత తప్ప మరేమీ తెలియదు. వారిని వాహకులు అంటారు. మన దేశంలో ప్రతి 100 మందిలో సుమారు 3, 4 గురు బీటా తలసీమియా వాహకులే. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకుడయ్యే అవకాశం నాలుగింట రెండు. ఏ లోపమూ లేకపోయే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుండే.

తాత ఒకరు వాహకులైతే ఆయన ప్రతి సంతానానికీ అది చేరే అవకాశం సగం. మనుమలకు చేరే అవకాశం నాలుగింట ఒకటి. అదే తాతకు ఒక వైపు మనుమడు, మరో వైపు మనుమరాలు నికాహ్ చేసుకుంటే దాగి ఉన్న ఒకే లోపం రెండు వైపుల నుండి వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది. మామూ కూతురిని, ఖాలా కొడుకును చేసుకోవడం ధర్మసమ్మతమే. అందులో సందేహం లేదు. కానీ అనుమతి వేరు, ఆదేశం వేరు. ధర్మం దాన్ని తప్పనిసరి చేయలేదు. ఇది మన వర్గానికే పరిమితమైన విషయం కూడా కాదు. మేనరికాలు తెలుగునాట అన్ని వర్గాల్లోనూ ఉన్నాయి.

తల్లిని నిందించకండి

హదీసు గ్రంథాల్లో ఒక సంఘటన ఉంది. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ నమోదయింది. ఒక ఎడారివాసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని చెప్పాడు. అతని మాటలో అనుమానం ఉంది. ప్రవక్త (స) అతన్ని గద్దించలేదు. అతని ఒంటెల రంగు గురించి అడిగారు. ఎర్రవని చెప్పాడు. వాటిలో బూడిద రంగువి కూడా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. మరి అవి ఎక్కడి నుండి వచ్చాయని అడిగితే, ఏ పూర్వపు మూలమో లాగి ఉంటుందని అతనే అన్నాడు. నీ బిడ్డ విషయమూ అంతే కావచ్చునని ప్రవక్త (స) అతనికి నచ్చజెప్పారు.

కొందరు సోదరులు ప్రతి కొత్త పరిశోధననూ తెచ్చి ధర్మగ్రంథాల్లో చూపించాలని తాపత్రయపడతారు. మేము ఆ పని చేయడం లేదు. పరిశోధనలు తమను తాము సవరించుకుంటూ పోతాయి. ధర్మానికి వాటి సర్టిఫికేట్ అవసరం లేదు. ఈ సంఘటనలో మేము చూస్తున్నది ఒక నైతిక ఆదేశం. బిడ్డలో కనిపించినదాన్ని సాకుగా చేసుకుని భార్య మీద వేలు చూపకూడదు.

మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? బిడ్డకు జబ్బు వస్తే బహూ తప్పు. వరుసగా ఆడపిల్లలు పుడితే బహూ తప్పు. తీవ్రమైన బీటా తలసీమియాకు దాదాపు ఎప్పుడూ ఇద్దరి నుండీ రెండు లోపాలు చేరాలి. ఒక్క తల్లి నుండే అది రాదు. ఆడపిల్లా మగపిల్లాడా అనేది తండ్రి నుండి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోముతో తేలుతుంది. తల్లి దగ్గర ఎక్స్ మాత్రమే ఉంటుంది. అలా అని ఇప్పుడు తండ్రిని నిందించమనీ కాదు. తన రాతను ఎవరూ ఎంచుకోలేదు. ఎంచుకోని దానికి ఏ న్యాయస్థానంలోనూ శిక్ష ఉండదు. కానీ ఒక అమాయకురాలిని నిందించి ఏడిపించిన పాపం మనం ఎంచుకుని చేసినది. దానికి పరలోకంలో సమాధానం చెప్పవలసి ఉంటుంది.

తఖ్దీర్ ఉండగా పరీక్ష ఎందుకు?

ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు షామ్ దేశానికి బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరగానే, ముందు ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. దైవనిర్ణయం నుండి దైవనిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఒక లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని వివరించారు. తెలివిగా పచ్చిక వైపు నడిపించడం కాపరి బాధ్యత. మన పిల్లలకు మనమే కాపరులం.

ఇరాన్‌లో 1997 నుండి, సౌదీ అరేబియాలో 2004 నుండి నికాహ్‌కు ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేశారు. మనం చేయవలసింది ఏమిటి?

మొదటిది. నిశ్చితార్థానికి ముందే పరీక్ష చేయించండి. మామూలు రక్తపరీక్షతో పాటు హెచ్‌బీఏ2 పరీక్ష చేయించాలి. జీవితంలో ఒక్కసారి చేయించి, ఫలితం డాక్టరుతో చదివించుకుంటే చాలు. ముందుగా అబ్బాయికి చేయించండి. అతను వాహకుడు కాకపోతే అమ్మాయిని ఆ చర్చలోకి లాగవలసిన అవసరమే రాదు. అతను వాహకుడైతేనే అమ్మాయికి చేయించండి.

రెండవది. ఒకరు వాహకులై, మరొకరు కాకపోతే నికాహ్‌కు ఏ అడ్డంకీ లేదు. వారి పిల్లలకు తీవ్రమైన జబ్బు రాదు. వాహకురాలని తెలిసిన అమ్మాయిని ఎవరైనా చిన్నచూపు చూస్తే అది అజ్ఞానం, అన్యాయం. పరీక్ష ఫలితం అమానతు. దాన్ని వీధిలో చాటడం ద్రోహం.

మూడవది. ఇద్దరూ వాహకులని తేలితే పెద్దలు కూర్చుని ఆలోచించాలి. మంగ్నీ నికాహ్ కాదు, అది ఒక వాగ్దానం. తగిన కారణంతో, గౌరవంగా విరమించుకోవడంలో అవమానం లేదు.

నాలుగవది. ఇప్పటికే పెళ్ళయిన దంపతులు గర్భం ధరించకముందే, లేదా మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ వాహకులైతే ఆలస్యం చేయకుండా నిపుణులైన డాక్టరును, నమ్మకమైన ఆలిమ్‌ను కలవండి. 120 రోజులు దాటాక ధర్మపరమైన నియమాలు చాలా కఠినమవుతాయి.

అయిదవది. పాలిపోయిన బిడ్డకు సొంతంగా ఇనుము టానిక్కులు పట్టకండి. తలసీమియా ఉన్న బిడ్డకు ఎక్కించే రక్తం నుండే ఇనుము పేరుకుని గుండె, కాలేయం దెబ్బతింటాయి. దాన్ని బయటికి పంపడానికే వేరే మందులు వాడాలి. ఆ బిడ్డలకు రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి రక్తం కావాలి. మన మస్జిదుల్లో రక్తదాన శిబిరాలు పెట్టండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను, సికిల్ సెల్‌ను గుర్తించింది. అర్హులు ఆ ధ్రువపత్రం తీసుకోవాలి. 2023 చివరిలో బ్రిటన్, అమెరికా దేశాలు ఒక జన్యు చికిత్సను ఆమోదించాయి. మూతపడిన ఆ గామా పేజీని తిరిగి తెరిపించడమే దాని పని. దాని ధర మాత్రం సామాన్యుల ఊహకు అందదు. ముందుజాగ్రత్త రక్తపరీక్ష అందరికీ అందుతుంది.

చివరిగా ఆ కుటుంబం సంగతి. పసివాడికి ఇప్పుడు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తున్నారు. బడికి వెళ్తున్నాడు. వాడి చిన్న చాచాకు కూడా మామూ ఇంటి పిల్లనే ఇవ్వాలని పెద్దలు ఎప్పుడో మాట అనుకున్నారు. ఈసారి దాదీయే మా దగ్గరికి వచ్చి, "మౌల్వీ సాబ్! ముందు పరీక్ష చేయించమని మీరు చెప్పండి. నేను చెబితే మా అన్న నొచ్చుకుంటాడు" అంది. చేయించారు. ఇద్దరూ వాహకులే. రెండు ఇళ్ళ పెద్దలూ ఏడ్చారు. తర్వాత ఒకరినొకరు కౌగిలించుకుని ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఏడాది తిరగకుండా ఇద్దరికీ వేరువేరు చోట్ల నికాహ్ జరిగింది. రెండు ఖుత్బాలూ మేమే చదివాం. ఆ రోజు దాదీ తన పెద్ద కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, "బేటీ, నన్ను మాఫ్ చెయ్యి" అన్నదట. ఆ మాట విన్నప్పుడు మా మెడ మీది బరువు కొంత తగ్గినట్లు అనిపించింది.

ఓ అల్లాహ్! మాలో నీవు రాసిన రాతను చదివే జ్ఞానాన్ని, చదివినదాన్ని బట్టి నడుచుకునే బుద్ధిని మాకు ప్రసాదించు. జబ్బుతో ఉన్న మా పిల్లలకు స్వస్థతను, వారి తల్లిదండ్రులకు ఓర్పును అనుగ్రహించు. నిర్దోషులను నిందించిన మా నాలుకలను మన్నించు. ఆమీన్.